ఉప్పు తోడు లేని పంచదార

జీవకణం చుట్టూ ఒక పొర ఉంటుంది, ఆ పొరలో కొన్ని ప్రోటీన్లు ఉంటాయి, ఉప్పునీ చక్కెరనీ లోపలికీ బయటికీ దాటించడం వాటి పని, నేను బతుకంతా వాటి గురించే చదివాను, పాఠాలు చెప్పాను అని ఎవరితోనైనా అంటే, వాళ్ళు శ్రద్ధగా విని, "అయితే రోజుకో గుడ్డు తినొచ్చంటారా?" అని అడుగుతారు. తినొచ్చు. నా చదువుకీ ఆ గుడ్డుకీ ఏమీ సంబంధం లేదు గానీ, తింటే మంచిదే.

ఈమధ్య ఫిజియాలజీలో కొత్తగా లెక్చరర్లుగా చేరిన పిల్లలు కొందరు మా ఇంటికొచ్చారు. "మేడమ్, మీ సర్వీసు గురించి రాయండి, మాకు పనికొస్తుంది" అన్నారు. సర్వీసు రిజిస్టరు ఆఫీసులోనే ఉంది, వెళ్ళి చదువుకోండి అన్నాను. ప్రమోషన్లు ఎలా వస్తాయో నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చినప్పుడల్లా నేనే ఆశ్చర్యపోయాను. అందుకని అవన్నీ వదిలేసి, ఈ చదువు దేనికి పనికొస్తుందో నాకు మొదటిసారి అర్థమైన సంగతి రాస్తాను. అది కాలేజీలో జరగలేదు. కంకిపాడు దగ్గర ఒక పల్లెటూళ్ళో, ఒక పెద్ద ఇంటి వసారాలో జరిగింది.

బల్లకట్టు, లాకు

మా నాన్న కాలువల శాఖలో లస్కరు. లాకు గేట్లు తీయడం, మూయడం ఆయన ఉద్యోగం. లాకంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. కాలువ ఒకచోట మెరక నుంచి పల్లానికి దిగుతుంది. పడవ అక్కడ దూకలేదు కదా. అందుకని రెండు గేట్ల మధ్య ఒక తొట్టి కడతారు. పై గేటు తెరిస్తే పడవ తొట్టిలోకి వస్తుంది. ఆ గేటు మూసి, తొట్టిలో నీళ్ళు దించి, అప్పుడు కింది గేటు తెరుస్తారు. రెండు గేట్లూ ఒకేసారి తెరవడమనేది ఉండదు. మా నాన్నకి ఇంట్లో దేనిమీదా పెద్ద పట్టింపు ఉండేది కాదు గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం పరమ చాదస్తం.

డెబ్బైల మొదట్లో నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చేస్తున్నప్పుడు, మా ప్రొఫెసరుగారు ఈ ప్రోటీన్ల గురించి చెప్పేవారు. కణం పొర నూనె లాంటిది, ఉప్పు దాన్ని దాటలేదు, చక్కెరా దాటలేదు. దాటించడానికి ఎవరో ఉండాలి. ఆ ఎవరో ఎలా ఉంటారో అప్పటికి చూసినవాళ్ళు లేరు. ప్రొఫెసరుగారి లెక్కలో అది బల్లకట్టు. ఈ ఒడ్డున చక్కెరని ఎక్కించుకుని, నూనెలో ఈదుకుంటూ అవతలి ఒడ్డుకి పోయి, దింపి, ఖాళీగా తిరిగొస్తుంది. బోర్డు మీద బల్లకట్టు బొమ్మ వేసేవారు. దాని మీద మీసాల మనిషిని కూడా వేసేవారు. మీసాలకి తీసుకున్న శ్రద్ధ ప్రోటీనుకి తీసుకునేవారు కాదు.

ఒకరోజు ఉండబట్టలేక లేచాను.

"సార్, అంత పెద్ద ప్రోటీను నూనెలో అటూ ఇటూ ఈదడం కష్టం కదండీ. ఉన్నచోటే ఉండి, ఇటు తెరిచి, మూసి, తర్వాత అటు తెరిస్తే సరిపోదా అండీ?"

"ఇదెక్కడ చదివావమ్మా?"

"చదవలేదండీ. మా నాన్న చేసే పనే అది."

క్లాసంతా నవ్వింది. ప్రొఫెసరుగారు కూడా నవ్వి, "సరే, లాకుల అమ్మాయ్, రుజువు చెయ్యి చూద్దాం" అన్నారు. నిజానికి నాకంటే ముందే విదేశాల్లో ఎవరో ఆ మాట అన్నారని తర్వాత లైబ్రరీలో తెలిసింది. అప్పటిదాకా మహా కనిపెట్టేశాననుకుని తిరిగాను. ఆ నాలుగు రోజులూ హాస్టల్లో నాతో వేగడం కష్టమైందని నా రూమ్మేట్ ఇప్పటికీ చెబుతుంది.

రుజువు కోసం ఎలుక పేగుని జాకెట్టు చేతిని తిరగదీసినట్టు తిరగదీసి, గ్లూకోజు నీళ్ళలో ముంచేదాన్ని. నీళ్ళలో ఉప్పు లేకపోతే గ్లూకోజు పేగులోకి దాదాపు పోయేది కాదు. ఉప్పు వేస్తే చకచకా పోయేది. అది బల్లకట్టో లాకో ఆ ప్రయోగం తేల్చలేదు, అది నిజాయితీగా చెప్పాలి. కానీ ఒకటి తేలింది. ఆ ప్రోటీనులో రెండు పీటలున్నాయి. ముందు ఉప్పు వచ్చి తన పీట మీద కూర్చుంటే గానీ చక్కెర పీట సరిగ్గా పడదు. రెండూ కూర్చుంటే గానీ లోపలి గేటు తెరుచుకోదు.

మీరు పాఠం చెప్పేటప్పుడు ఆ ఒక్క రకంతో ఆగకండి. పొరలో మూడు రకాల కట్టుబడి ఉంది, మూడూ మన కాలువల మీద కనపడేవే. ఒకటి తూము. తెరిస్తే ఆ చివర నుంచి ఈ చివరకి దారి, ఇక తోసుకుంటూ పోవడమే. రెండోది లాకు. ఒక్కొక్కటిగా, లెక్క ప్రకారం దాటిస్తుంది. మూడోది ఆయిల్ ఇంజను. డీజిలు తాగి, పల్లంలో ఉన్నదాన్ని మెరకకి తోడుతుంది. తూముకి తొట్టి ఉండదు, లాకుకి డీజిలు అక్కర్లేదు. దేని కట్టుబడి చూస్తే దాని పని తెలుస్తుంది, పని చూస్తే కట్టుబడి ఊహించొచ్చు. మా కాలంలో పని చూసి ఊహించడమే చేసేవాళ్ళం, ఎందుకంటే చూడటానికి ఏమీ ఉండేది కాదు.

నేను రిటైరయ్యాక ఆ జాతి ప్రోటీన్ల అసలు ఆకారాలు బొమ్మలుగా వచ్చాయి. మధ్యలో తొట్టి, పైన ఒక మూత, కింద ఒక మూత. అచ్చం లాకే. ప్రొఫెసరుగారు అప్పటికి లేరు. ఉండుంటే బల్లకట్టు రేవు పక్కనే కదమ్మా లాకు ఉండేది అని ఎలాగోలా గెలిచేవారు.

పాపారావుగారి సీసాలు

చదువయ్యాక డిపార్టుమెంటులో ఎలుకలు కొనడానికి డబ్బుల్లేవన్నారు. నాకూ జీతం కావాలి. గవర్నర్‌పేటలో డాక్టర్ పాపారావుగారని ఒకాయన నర్సింగ్ హోమ్ నడిపేవారు. అక్కడ అసిస్టెంటుగా చేరాను.

పాపారావుగారిది మంచి హస్తవాసి. ఓపిక కూడా ఎక్కువే. ఆయన నమ్మకం మాత్రం సెలైను సీసా మీద. వాంతులకి సీసా, విరేచనాలకి సీసా, నీరసానికి సీసా. పెళ్ళిలో భోజనం ఎక్కువై వచ్చినవాళ్ళకీ సీసానే. జనమూ అలాగే అలవాటు పడ్డారు. కానూరు నుంచి ఒకాయన ఏ జబ్బూ లేకుండానే ఏటా వచ్చి సీసా పెట్టించుకుని, ఒక సినిమా చూసుకుని వెళ్ళేవాడు.

బెంగాల్ వైపు శరణార్థుల శిబిరాల్లో కలరా వస్తే ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగించి ఎంతోమందిని బతికించారని అప్పటికే చదివాను. ఆయనకి చెప్పాను.

"అక్కడ సీసాల్లేక చేశారమ్మా ఎస్తేరూ. మనకి ఉన్నాయిగా" అన్నారు.

"సార్, కలరా విషం పేగులో తూముని తెరిచి వదిలేస్తుంది, నీళ్ళు బయటికి పోతాయి. కానీ లాకు చెడిపోదండీ. అది వేరే కట్టుబడి. ఉప్పూ చక్కెరా కలిపి పంపిస్తే అది లోపలికి తీసుకుంటూనే ఉంటుంది. వాటి వెనకే నీళ్ళూ పోతాయి."

"చదువు బాగానే ఉంది. కానీ వైద్యం పేషెంటు కళ్ళకి కనపడాలమ్మా. నువ్వు నోట్లో పోస్తే ఎవరికి కనపడుద్ది? ఆ మాత్రం దానికి బస్సెక్కి బెజవాడ దాకా ఎందుకు వచ్చాం అంటారు."

ఆయన్ని వెక్కిరించినట్టు రాస్తున్నాను గానీ, ఆయన చెప్పింది పూర్తిగా తప్పు కాదు. నాడి అందని మనిషికి, మింగలేని మనిషికి సీసానే ప్రాణం. అక్కడ నా లాకులూ తూములూ పనిచేయవు. కొత్తగా చదివినవాళ్ళకి పాత వైద్యులంతా మొద్దుల్లా కనపడతారు. కాస్త నిదానించండి, వాళ్ళు మీకంటే ఎక్కువ చావుల్ని చూసినవాళ్ళు.

కొత్త నీళ్ళు

ఆ ఏడు కాలువలు వదలగానే కంకిపాడు అవతల ఒక ఊళ్ళో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఎండాకాలమంతా ఎండిన కాలువలో మొదట వచ్చే నీళ్ళు ఊళ్ళ మురికినంతా మోసుకొస్తాయి. ఆ నీళ్ళే చెరువులోకి, చెరువు నుంచి బిందెల్లోకి. ఊళ్ళో పెద్ద రైతు కుటుంబం పాపారావుగారికి పాత పేషెంట్లు. వాళ్ళు కబురు పెడితే, ఆయన తన కారులో కొన్ని సీసాలు పెట్టి నన్ను పంపించారు. మర్నాడు తను మరిన్ని తెస్తానన్నారు.

ఆ ఇంటి పెద్దావిడ రాజ్యలక్ష్మమ్మగారు. చేతికి ఎముక లేని మనిషి అనేవారు ఊళ్ళో. ఆవిడ పెట్టే కాఫీలో చెంచా నిలబడుతుందని ప్రతీతి. వడ్డనలో చెయ్యి వెనక్కి తీయడం ఆ వంశంలోనే లేదట. నాకు వసారాలో కుర్చీ వేయించారు, బల్ల వేయించారు, మాటిమాటికీ "డాక్టరుగారూ" అన్నారు, కాఫీ పంపించారు. ఆ కాఫీ గ్లాసు మాత్రం పనిమనిషి వచ్చి విడిగా కడిగి విడిగా పెట్టేది. వసారా దాటి లోపలికి నేను వెళ్ళే మాట లేదు. ఎవరూ వెళ్ళొద్దని అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు. ఎస్తేరు అనే పేరు వింటే నేను ఏ పేట పిల్లనో అక్కడ ఎవరికైనా తెలుస్తుంది. నాకూ తెలుసు. కుర్చీ సౌకర్యంగా ఉంది, కూర్చున్నాను.

కాలువ అవతల పేటలో జబ్బు ఎక్కువగా ఉంది. నాట్లకి పోయే కుటుంబాలు, ఎక్కువమంది మా చర్చి వాళ్ళే. అక్కడ నాకు వంటిళ్ళన్నీ తెరిచే ఉన్నాయి. ప్రతి ఇంట్లో కూర్చుని చూపించాను. మరగబెట్టి చల్లార్చిన లీటరు నీళ్ళకి చెంచా అంచుకి సమంగా ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. రుచి కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉండకూడదు. వాంతి అయినా కాస్త ఆగి మళ్ళీ కొంచెం కొంచెం పట్టాలి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేశారు. రేషను పంచదార కదా, ఆరు చెంచాలకి ఏడో చెంచా వెయ్యాలని ఎవరికీ అనిపించలేదు. ఇద్దరికి నాడి అందలేదు. తెచ్చిన సీసాలు ఆ ఇద్దరికీ పెట్టాను. మిగిలినవాళ్ళు ఆ నీళ్ళతోనే తేరుకుంటున్నారు. రాత్రి అక్కడే ఉండి, మర్నాడు పొద్దున్నే వెర్రి సంతోషంతో వసారాకి తిరిగొచ్చాను.

పానకం

వచ్చేసరికి రాజ్యలక్ష్మమ్మగారి మనవరాలికి మొదలైంది. పిల్ల పేరు చిట్టి. నాలుగేళ్ళది. తల్లి వసంత పిల్లని వసారాలో మంచం మీద పడుకోబెట్టింది. నేను చూశాను. నాలుక ఎండింది, కళ్ళు కాస్త లోతుకి పోయాయి, కానీ నాడి అందుతోంది, నీళ్ళు ఇస్తే గబగబా తాగుతోంది.

"సీసా పెట్టండి డాక్టరుగారూ" అన్నారు పెద్దావిడ.

"సీసాలు అయిపోయాయండీ. సాయంత్రానికి సార్ తెస్తారు. ఈలోపు పాపకి సీసా అక్కర్లేదండీ, తాగుతోంది కదా. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పడదాం."

"అయిపోయాయా? ఎవరికి పెట్టారు?"

"పేటలో ఇద్దరికి. వాళ్ళకి నాడి అందలేదండీ."

ఆవిడ ముఖం ఎర్రబడింది. మా కబురు, మా వసారా, మా పిల్లకి మాత్రం పేటలో వాళ్ళకి పోసిన నీళ్ళా అని ఆవిడ అనలేదు. అనకుండా నిగ్రహించుకోవడం కూడా నాకు కనపడింది. పెద్దమనిషే. నేను వసారాలో నిలబడి కొలత చెప్పాను, ఆవిడ లోపల వంటింట్లో కలిపి పంపించారు, వసంత చెంచాతో పట్టడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి పిల్ల నయం కావాలి. నయం కాలేదు. విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయి. కళ్ళు ఇంకా లోపలికి పోయాయి. పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలితే వెంటనే సర్దుకోవడం లేదు. పేటలో ఇంతకన్నా బాగాలేని పిల్లలు అప్పటికే లేచి కూర్చున్నారు. ఈ పిల్ల నా కళ్ళ ముందే జారిపోతోంది. నాకు భయం వేసింది. చదివిన చదువంతా అబద్ధమేమో అనిపించింది. పొద్దున్నే వసంత నా చెయ్యి పట్టుకుని, "నాకు ఇదొక్కతేనండీ" అంది. ఆ మాట చెవిలో మోగుతూనే ఉంది.

"మీ నీళ్ళే పిల్ల కొంప ముంచుతున్నాయి" అన్నారు రాజ్యలక్ష్మమ్మగారు. ఈసారి 'డాక్టరుగారూ' లేదు. "ఇక ఒక్క చుక్క పట్టొద్దు. వసంతా, గ్లాసు తీసెయ్!"

వసంత చేతిలోంచి గ్లాసు నేను తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో తెలియదు, చేతులకి ఏదో పని కావాలి. ఒక గుక్క తాగి చూశాను.

అది నీళ్ళు కాదు. శ్రీరామనవమి పందిట్లో ఇంత తియ్యటి పానకం పోసి ఉంటే జనం మళ్ళీ మళ్ళీ వరసలో నిలబడేవాళ్ళు.

"ఎన్ని చెంచాలు వేశారండీ?"

"చెంచాలేంటి? గరిటతో వేశాను. పసిపిల్ల, పైగా వొంట్లో బాగాలేదు. ఆరంటే ఆరు చెంచాలు లెక్కపెట్టి వెయ్యడానికి ఇదేమన్నా..." అని ఆగిపోయారు.

"ఉప్పో?"

"పిల్ల నోరు ఉప్పగా ఎందుకని, వేళ్ళతో చిటికెడు."

కోపం రావాలి, రాలేదు. ఆవిడ పిల్లని ప్రేమతో ముంచేస్తున్నారు. పిసినారి ఇల్లయితే ఈ పిల్ల ఈపాటికి లేచి ఆడుకునేది. కానీ ఉప్పు పెంచండి, పంచదార తగ్గించండి అని ఊరికే కొలత వల్లించి లాభం లేదు, పొద్దున్న వల్లించింది కొలతే. ఆవిడకి కారణం కావాలి. కారణం చెప్పకుండా కొలత మాత్రమే ఇస్తే, దయగల మనుషులు దాన్ని తమ దయకొద్దీ సరిదిద్దుతారు. ఇది నేను నా విద్యార్థులకి ఏటా చెప్పిన మాట, పరీక్షల్లో ఎవరూ రాయని మాట.

"అమ్మా, మీ ధాన్యం పడవలు లాకు దగ్గరికి వస్తే, నడిపే సరంగు లేని పడవకి గేటు తీస్తారా?" అని అడిగాను.

"ఎట్టా తీస్తారు? లస్కరు ఊరుకుంటాడా?"

"పేగులో కూడా అలాంటి లాకే ఉందండీ. పంచదార పడవ, ఉప్పు సరంగు. ఉప్పు తోడు లేని పంచదారని అది లోపలికి రానివ్వదు. మీరు పడవలు బోలెడు పంపించారు, సరంగుల్ని పంపలేదు. అవన్నీ గేటు బయటే నిలబడిపోయాయి. ఊరికే నిలబడితే ఫర్వాలేదు, పాప ఒంట్లో నీళ్ళని బయటికి లాక్కుంటున్నాయి. అందుకే విరేచనాలు ఎక్కువయ్యాయి."

ఆవిడ గ్లాసు వైపు చూశారు. మంచం మీద పిల్ల వైపు చూశారు. అప్పుడు వసంత లేచింది. అత్తగారి ముందు ఆ అమ్మాయి గొంతెత్తడం అంతకు ముందు నేను వినలేదు.

"డాక్టరుగారూ, వంటింట్లోకి రండి. మీరే కలపండి."

వంటింటికి పోవాలంటే ఇంటి గుమ్మం దాటాలి. రాజ్యలక్ష్మమ్మగారు అందులో నిండుగా నిలబడి ఉన్నారు. నేను కదలలేదు. ఆవిడ ఒక్క క్షణం వసంత వైపు చూసి, పక్కకి జరిగారు. "రామ్మా, త్వరగా రా" అన్నారు. ఆ గొంతులో ఒక పెద్దింటి ఆవిడ లేదు, వణికిపోతున్న నాయనమ్మ ఉంది.

చెంచా, ఉప్పు డబ్బా, పంచదార డబ్బా వెతికి ఇచ్చింది ఆవిడే. చెంచా అంచుకి సమంగా పంచదారని వేలితో తీసేస్తుంటే, ఆవిడ ప్రాణం విలవిల్లాడటం నాకు తెలిసింది. కొలిచి కలిపి, రుచి చూపించాను. "చప్పగా ఉందమ్మా" అన్నారు దీనంగా. అలాగే ఉండాలన్నాను.

చెంచా తర్వాత చెంచా పట్టాం. వాంతి చేసుకుంటే ఆగి, మళ్ళీ పట్టాం. విరేచనాలు వెంటనే ఆగలేదు, ఈ నీళ్ళతో ఆగవు కూడా. పోయేదానికన్నా లోపలికి వెళ్ళేది ఎక్కువ కావాలి, అంతే. లోపలికి వెళ్తోందని తెలిసే గుర్తు ఒక్కటే, పిల్ల ఉచ్చ పోయడం. ఆ మాట చెప్పాక ఇంటిల్లిపాదీ దానికోసమే కాచుకున్నారు. ధాన్యం రేటు కోసం కూడా ఆ ఇంట్లో ఎవరూ అంత ఎదురుచూసి ఉండరు.

సాయంత్రం కాకముందే పాపారావుగారు సీసాలతో వచ్చారు. పిల్లని చూశారు, నాడి చూశారు, చర్మం పట్టి వదిలారు. గ్లాసులోది తను కూడా రుచి చూశారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "పొద్దున్న ఎలా ఉంది?" అని అడిగారు. చెప్పాను. "మధ్యాహ్నం?" అదీ చెప్పాను. పానకం సంగతి కూడా చెప్పాను. కాసేపు గడ్డం నిమురుకున్నారు.

"తాగుతోందిగా. ఇప్పుడు సూదెందుకు, ఇట్టాగే కానీ" అన్నారు.

ఆయన నోటి నుంచి ఆ మాట వినడానికి నేను ఏమైనా ఇచ్చి ఉండేదాన్ని. కానీ పెద్దావిడ ఊరుకోలేదు. "అంత దూరం నుంచి తెచ్చి ఒక్కటన్నా పెట్టకపోతే ఎట్టా డాక్టరుగారూ?" అన్నారు. పాపారావుగారు నా వైపు చూసి, ఒక సీసా తీసి, మంచం పైన గోడ మేకుకి వేలాడదీశారు. గొట్టం లేదు, సూది లేదు. సీసా మాత్రం ఠీవిగా వేలాడింది. ఇరుగుపొరుగు వచ్చి సీసాని చూసి, ఇక ఫర్వాలేదని వెళ్ళిపోయారు. కింద వసంత చెంచాతో నీళ్ళు పడుతూనే ఉంది. వైద్యం కళ్ళకి కనపడాలన్న ఆయన మాటకి నేను ఆ రోజు దణ్ణం పెట్టాను.

దీపాలు పెట్టే వేళకి ఆయన పిల్లని ఒళ్ళోకి తీసుకుని పొట్ట తడుముతుంటే, అది ఆయన ఒళ్ళోనే పోసింది. ప్యాంటు తడిసింది, చొక్కా తడిసింది. ఆయన కదలకుండా అలాగే కూర్చుని, "పొయ్యమ్మా, పొయ్యి. ఇంకా పొయ్యి" అన్నారు. వసంత ఏడ్చింది. రాజ్యలక్ష్మమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

మర్నాడు

పొద్దున్నే చిట్టి అన్నం కావాలని మారాం చేస్తోంది. నేను పేటకి బయల్దేరాను. కాలువ దాటేసరికి ఎదురుగా ఎడ్లబండి. దాని మీద పంచదార బస్తా. రాజ్యలక్ష్మమ్మగారు పేట మొత్తానికి పంపించారు.

నిన్నటిదాకా రేషను పంచదార పుణ్యమా అని పేటలో పిల్లలు కోలుకున్నారు. ఇప్పుడు వాళ్ళకి కూడా ఉదారంగా వేసే అవకాశం వచ్చేసింది. బండివాడిని ఆపుదామా అనుకుంటూ ఉంటే, వెనక నుంచి ఆవిడే నడుచుకుంటూ వస్తున్నారు. గట్టు మీద జాగ్రత్తగా అడుగు వేస్తూ, చేతిలో ఒక చెంచాతో.

"ఊరికే పంపిస్తే ఎట్టా పోస్తారో ఏందో" అన్నారు నాతో. "నేను చూడకపోతే వీళ్ళు గరిటెలతో పోస్తారు."

నవ్వు ఆపుకోవడం ఎంత కష్టమైందో చెప్పలేను. ఆవిడ ఇంటింటికీ తిరిగారు. వేలితో అంచు తీసి చూపించారు. "పడవకి సరంగు ఉండాల్సిందే, ఉప్పు మర్చిపోకు" అని హెచ్చరించారు. నేను ఆ ఉపమానం అంత బాగా చెప్పలేదు. ఆ తర్వాత నేను ఎన్నో క్లాసులు చెప్పాను గానీ, అంత దబాయించి పాఠం చెప్పిన టీచరుని చూడలేదు. మీలో ఎవరైనా ఇలాంటి మనిషిని పొందితే, చాక్‌పీసు ఆవిడ చేతికిచ్చి పక్కకి తప్పుకోండి.

ఇళ్ళ బయట నిలబడి, అరుగుల మీద చెబుతూ వచ్చారు. చివర మరియమ్మ ఇల్లు. ఆవిడ కొడుక్కే నేను మొదటిరోజు సీసా పెట్టింది. పిల్లవాడు తేరుకున్నాడు గానీ ఇంకా మంచం దిగలేదు. మరియమ్మ లోపల నీళ్ళు కలుపుతోంది, బయటికి వచ్చే వీల్లేదు. రాజ్యలక్ష్మమ్మగారు ఆ తాటాకు ఇంటి గుమ్మం ముందు ఆగిపోయారు. ఎన్నాళ్ళుగానో మరియమ్మ కుటుంబం ఆవిడ పొలంలో నాట్లు వేస్తోంది. ఆ గుమ్మం దాకా ఆవిడ రావడం అదే మొదలు.

ఒక అడుగు ముందుకి వేసి, వెనక్కి తీశారు. నా వైపు చూడలేదు.

"మరియమ్మా," అన్నారు, "లోపలికి రావచ్చా?"

మరియమ్మ చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది. "అయ్యో, రండమ్మా" అంది లేచి నిలబడుతూ.

ఆవిడ తల వంచి లోపలికి వెళ్ళారు. మంచం మీద పిల్లవాడి నుదురు తాకి చూశారు. తర్వాత మరియమ్మ చేతిలోని చెంబు అందుకుని, ఒక గుక్క తాగారు. మింగి, నాలుక చప్పరించి చూశారు.

"సరిగ్గా ఉంది" అన్నారు. "నేను కలిపినదానికన్నా నువ్వు కలిపిందే నయం."